బొమ్మల పుస్తకములో ఋతువులు

ఈ ప్రసంగమును ఒక పసిపిల్ల పలికిన మాటతో ఆరంభింతుము. 2024 జనవరిలో సంక్రాంతి సెలవులకు మా మనుమరాలు నందిగామలోని మా ఇంటికి వచ్చినది. అప్పటికి దానికి మూడేండ్లు నిండి ఆరు నెలలు. తండ్రి జగ్గయ్యపేట చేరువనున్న సిమెంటు కర్మాగారములో ఉద్యోగి. వచ్చునపుడు పిల్ల ఒక బొమ్మల పుస్తకమును చంకలో పెట్టుకొని వచ్చినది. అది నాలుగు ఋతువుల పుస్తకము. ఒక్కొక్క ఋతువునకు నాలుగైదు పుటలు, పుటకొక బొమ్మ, బొమ్మ క్రింద ఒక వాక్యము. చలికాలపు పుటలో ఇండ్ల కప్పులు, చెట్ల కొమ్మలు, ప్రహరీ గోడలు, దారి, అన్నియు తెల్లగా కప్పబడి ఉన్నవి. ఆ తెలుపును చూపి, "ఇదేమిటమ్మా?" అని అడిగితిమి. పిల్ల తడుముకొనక, "పత్తి తాతయ్యా! ఇంటిమీద ఆరబోశారు" అన్నది.

ముందు నవ్వితిమి. తరువాత ఆలోచించితిమి. మా ప్రాంతము నెరుగని శ్రోతల కొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. కృష్ణాజిల్లా అనగానే కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు మనసునకు తోచును. అది గుడివాడ, బందరు, దివిసీమ వైపు మాట. జగ్గయ్యపేట, నందిగామలు మెట్టసీమ. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, నేలయు ఎండయు మారలేదు. నల్లరేగడి పైన, సున్నపురాయి అడుగున; పత్తి, మిరప, కంది; నాగార్జునసాగరు ఎడమకాలువ నీరందిన చోట వరి. వేసవిలో రేడియో వాతావరణ వార్తలలో నందిగామ పేరు తరచుగా వినబడును. అది మేము గర్వించు విషయము కాదు. ఇట్టి ఊరిలో పుష్యమాసమున కుప్పగా తెల్లగా కనబడునది పత్తియే. వసారాలలో పత్తి, ట్రాక్టర్లలో పత్తి, దారిప్రక్క తుమ్మకంపకు తగులుకొన్నదియు పత్తియే. పిల్ల తప్పు చెప్పలేదు. తానెరుగని దానిని తానెరిగిన దానితో కొలిచినది.

"కాదమ్మా, అది మంచు" అంటిమి. చిక్కు మరింత పెరిగినది. మంచు అనగా ఏమో పిల్లకు తెలియును. తెల్లవారుజామున హైదరాబాదు బాటమీద బస్సుల దీపములను మసకపరచునది మంచు. గడ్డిపరకల మీద తడియు మంచే. మన భాషలో ఆ ఒక్క మాటయే పొగవలె కమ్ముదానికిని, ఆకుపై నిలుచు బిందువునకును, హిమాలయముపై గడ్డకట్టిన దానికిని పనిచేయుచున్నది. "మంచయితే ఇల్లు కనపడదుగా! మరి ఇల్లు కనపడుతోందేం?" అని పిల్ల అడిగినది. న్యాయమైన ప్రశ్న. మా ఇంటి ఇల్లాలు లేచి వెళ్ళి ఐసుపెట్టె పైగదిలో గోడలకు పేరుకొన్న తెల్లని పొడిని చెంచాతో గీకి, పళ్ళెములో పోసి తెచ్చినది. పిల్ల వ్రేలు పెట్టి చూచినది. తీసినది. మరల పెట్టినది. నాలుగు నిమిషములలో పళ్ళెములో నీరు మిగిలినది. "పత్తి కరగదు, ఇది కరుగుతుంది" అని తానే తీర్పు చెప్పినది.

ఆనాటి నుండి ఋతువుల బొమ్మల పుస్తకములను గూర్చి మాకొక పట్టుదల కలిగినది. అందులో తెలిసిన సంగతులనే నేడు మీతో ముచ్చటించుచున్నాము.

అసలు ఋతువులెన్ని? ఈ ప్రశ్నను మా వాకిట నిలబడి అడిగిన నాలుగు సమాధానములు వచ్చును. ఆంగ్ల పుస్తకము నాలుగనును. పంచాంగము ఆరనును. పాలు పోయవచ్చు ఆమె ఎండ, వాన, చలి, మూడే అనును. వ్యవసాయము చేయు మా తమ్ముని లెక్క వేరు. అతనిది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రములో నిలుచు పదుమూడు, పదునాలుగు దినములు ఒక కార్తె; ఏడాదికి 27. రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో విత్తు. నాలుగు లెక్కలును నాలుగు అవసరముల కొరకు పుట్టినవి, ఏదియు అబద్ధము కాదు. కాని పసిపిల్ల ముందు ఒక్క లెక్కనే ఉంచి తక్కినవి లేవన్నట్లు నడచుకొనుటలో చిక్కున్నది.

మా తరమువారు ఋతువులను బొమ్మలతో నేర్వలేదు. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారు రచించిన బాలశిక్ష మొదలుగా, పెద్దబాలశిక్ష వరకు, ఋతువుల పేర్లు వల్లె వేయుటయే పద్ధతి. మంచి పద్ధతియే, ఇప్పటికిని నిద్రలో లేపి అడిగినను చెప్పగలము. కాని చైత్రవైశాఖములు వసంతఋతువని గొంతెత్తి వల్లించుచు, వైశాఖపు ఎండలో చెప్పులు లేక అరికాళ్ళు కాలుచు బడికి పోయితిమి. ఆ వల్లెకును మా అరికాలికిని గల సంబంధమేమో ఎవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు. పేరు ఒక ప్రక్క, వస్తువు ఒక ప్రక్క ఉండిపోయినవి. ఈ రెంటి నడుమ బొమ్మను నిలుపవలెనని తలచినవాడు మొరేవియా దేశీయుడైన కొమేనియస్ పండితుడు. 1658లో న్యూరెంబర్గు నగరమున అచ్చయిన ఆయన బొమ్మల పాఠ్యగ్రంథములో మేఘములకు ప్రత్యేకముగా ఒక చిత్రమున్నది. చిత్రములోని భాగములకు అంకెలు, అంకెలకు ఎదురుగా పేర్లు. పిల్లవాడు ముందు చూచును, తరువాత పేరు వినును.

బొమ్మల పుస్తకము అక్షరములు నేర్పుటకని పలువురు భావింతురు. మూడేండ్ల పిల్లకు అది తరువాతి మాట. ముందుగా నేర్పునది కాలము. ఇది వింతగా తోచవచ్చును. మూడేండ్ల పిల్ల 'నిన్న' అనవలసిన చోట 'రేపు' అనుట మీరందరును వినియుందురు. దినము దాని చేతికి అందదు. ఇక సంవత్సరము ఎట్లు అందును? జనవరిలో మామిడిపండు కావలెనని పిల్ల ఏడ్చినపుడు, "వేసవిలో వస్తుందమ్మా" అను మాట దానికి శబ్దమాత్రమే. పుస్తకము ఒడిలో నున్నచో అట్లు కాదు. "ఇదిగో మనమిక్కడున్నాము, చలిలో. ఈ పుట త్రిప్పు. ఇంకొకటి. ఆకులు చిగిర్చినవి. ఇంకొకటి. ఇదిగో ఎండ, ఇదిగో పండు." మూడు పుటల దూరమున మామిడిపండు ఉన్నదని తెలిసిన పిల్ల ఏడుపు మానలేదు గాని, మరునాడు తానే పుటలు త్రిప్పి లెక్కపెట్టుకొన్నది. చేతితో త్రిప్పదగిన సంవత్సరము అది. ముందు, తరువాత, ఇంకను, అప్పటికి, మరల అను మాటలు ఆ త్రిప్పుటలోనే దాని నోటికి వచ్చినవి. అన్నిటికంటె కష్టమైనది 'మరల'. చివరి పుట తరువాత మొదటి పుటకు పోవలెనని, పుస్తకము అయిపోలేదని గ్రహించిన దినమున పిల్ల చప్పట్లు కొట్టినది.

ఇక ఎట్లు చదువవలెను? పెద్దవారు చదువుట, పిల్ల వినుట అను పద్ధతి నిద్రపుచ్చుటకు మంచిది. నేర్పుటకు చాలదు. అమెరికాలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయమున వైట్‌హర్స్ట్ అను మనోవైజ్ఞానికుడు, ఆయన సహచరులు 1988లో ఒక పరిశీలనను ప్రకటించిరి. రెండేండ్ల వయస్సు పిల్లలకు తలిదండ్రులు ఇంటివద్ద బొమ్మల పుస్తకములు చదివిరి. కొందరు తమకు తోచినట్లు చదివిరి. మరికొందరికి, చదువుట తగ్గించి అడుగుట నేర్పిరి: ఇదేమిటి, ఏమి చేయుచున్నది, తరువాత ఏమగును, పిల్ల చెప్పిన దానికి ఒక మాట చేర్చి తిరిగి చెప్పుట. ఒక్క నెలలోనే ఈ రెండవ జట్టు పిల్లలు మాటాడుటలో కొన్ని నెలల ముందంజ వేసిరి. ఆ తేడా తొమ్మిది నెలల తరువాత కొంత తగ్గినను, ఇంకను కనిపించినది.

ఇందులో విద్వత్తు ఏమియు అక్కరలేదు. పిల్ల 'కాకి' అన్నది. "అవును, తడిసిన కాకి" అంటిమి. కొంతసేపటికి పిల్ల "తడిసిన కాకి" అన్నది. "తడిసిన కాకి ఎక్కడ కూర్చుంది?" "చూరుకింద." మూడు మాటలతో ఒక వాక్యము కట్టినది. మేము చేసిన పని ఒక్క మాట అందించి ఆగుట. ఆగుటయే కష్టము. పెద్దలమైన మనకు మౌనము సహింపరానిది. పిల్ల నోరు తెరచునంతలో సమాధానము మనమే చెప్పివేయుదుము.

ఒకే పుస్తకమును పిల్ల మరల మరల అడుగుట పెద్దలకు విసుగు. మాకును విసుగే, ఆ నాలుగు ఋతువుల పుస్తకమును ఎన్నిసార్లు చదివితిమో లెక్క లేదు. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, మూడేండ్ల పిల్లలు ఒకే కథను మరల మరల విన్నపుడు, అవే కొత్త మాటలను వేర్వేరు కథలలో విన్నప్పటికంటె బాగుగా నేర్చుకొనిరని తేలినది. మొదటిసారి కథ ఏమగునో అను ఆతురతలో మాటలు జారిపోవును. నాలుగవసారికి కథ తెలిసియుండును గనుక కన్ను మూలలకు పోవును. మా మనుమరాలు వేసవి పుటలో గోడమీది తొండను పదియవ పఠనమునకో పదునైదవ పఠనమునకో కనుగొన్నది. మేము అంతవరకు చూడనే లేదు.

ఇక ఋతువుల పుస్తకమునకు మాత్రమే గల సౌకర్యమొకటి ఉన్నది. ఏనుగుల పుస్తకము చదివి ఏనుగును చూపుటకు ఎక్కడికి పోగలము? ఋతువు మాత్రము వాకిట నుండును. ఆ సంవత్సరము జూన్ చివర, ఆరుద్ర కార్తె ప్రవేశించిన వారములో రెండు మంచి వానలు పడినవి. మరునాటి ఉదయము కాలువగట్టు ప్రక్క ఇసుకనేల మీద ఆరుద్ర పురుగులు వచ్చినవి. ఎర్ర ముఖమలు ముక్కలు నడచుచున్నట్లుండును. పుస్తకములోని వాన పుటలో ఒక ఎర్రని పురుగు బొమ్మ ఉన్నది. అది వేరు జాతి, వీపున నల్లచుక్కలు గలది. పిల్ల పుస్తకమును చేలోనికి తెచ్చి రెంటిని పోల్చినది. "దీనికి చుక్కల్లేవు." సరే. "దీనికి కాళ్ళు ఎక్కువ." మేము అద్దము పెట్టుకొని వంగి చూచితిమి. పుస్తకములో ఆరు, నేలమీద ఎనిమిది. అరువదియేండ్లుగా ఈ పురుగులను చూచుచు, ఇవి సాలెపురుగు కుటుంబమునకు చెందినవని ఆనాడు తెలిసికొంటిమి. పుస్తకములోని బొమ్మ తప్పు కాదు, మా పురుగు తప్పు కాదు. ఆ రెంటి నడుమనున్న తేడాయే పాఠము.

కనుక, మన ఊరిలో లేని ఋతువును చూపు పుస్తకమును పారవేయవలెనని మేము చెప్పము. 1962లో అమెరికాలో ఎజ్రా జాక్ కీట్స్ అను చిత్రకారుడు మంచు కురిసిన ఒక దినమును గూర్చి చిన్న బొమ్మల పుస్తకము చేసెను. నల్లజాతి బాలుడొకడు మంచులో నడచును, కఱ్ఱతో గీతలు గీయును, ఒక మంచుముద్దను జేబులో వేసికొని ఇంటికి పోవును. నిద్రకు ముందు చూచుకొనగా జేబులో తడి తప్ప ఏమియు లేదు. న్యూయార్కు ప్రజా గ్రంథాలయమువారు 125 ఏండ్లు నిండిన సందర్భమున, 2020లో, తమ చరిత్రలో పాఠకులు అత్యధికముగా తీసికొనిపోయిన పుస్తకమేదో లెక్క తీయగా అది ఈ పుస్తకమే అయినది: 4 లక్షల 85 వేలకు పైగా సార్లు. దానిని మేము తెలుగు చేసి చెప్పుచు మనుమరాలికి చూపితిమి. మరునాడు దాని గౌను జేబు తడిసి ఉన్నది. లోపల ఏముండెనో మేము అడుగలేదు; ఐసుపెట్టె తలుపు మాత్రము తెరచియున్నది.

కాని అన్ని ఋతువులును ఇట్లు ఆటగా రావు. 2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న మా సీమలో కురిసిన వానను శ్రోతలు మరచియుండరు. జగ్గయ్యపేట వీధులు నీట మునిగినవి. మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారి మీదికి వచ్చినది. అంతకుముందు 2023 జులైలో కూడ అట్లే జరిగినది. సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు విడువవలసి వచ్చినది. మా కుమారుని ఇంటిలోనికి మోకాలి లోతు నీరు చేరగా, వారు పిల్లతో పై అంతస్తువారి ఇంట రెండు రాత్రులు గడిపిరి. దారి తెగుటచే మేము పోలేకపోతిమి, వారు రాలేకపోయిరి.

పది దినముల తరువాత పిల్ల నందిగామ వచ్చినది. పుస్తకము తెరచితిమి. వాన పుటలు రాగానే వానినన్నిటిని కలిపి పట్టుకొని ఒక్కసారిగా త్రిప్పివేసినది. వేసవి నుండి నేరుగా చలికి పోయినది. మరునాడును అట్లే. ఆ పుటలలో ఏమున్నది? గొడుగు, కప్ప, కాగితపు పడవ. వాన అనగా సంతోషమని ఆ చిత్రకారుని తలంపు. కాగితపు పడవలు లేని వాన పుట బొమ్మల పుస్తకములలో అరుదు. ఆ పిల్ల చూచిన వాన అట్టిది కాదు. దానికి బోధించుటకు మేము ప్రయత్నింపలేదు. "భయమెందుకు, వాన మంచిదే" అని చెప్పవలెనని నాలుక చివరకు వచ్చినను మ్రింగితిమి. దాని చేయి త్రిప్పినట్లు పుటలను పోనిచ్చితిమి. నెలన్నర గడచినది.

కార్తికమాసమున ఒక మధ్యాహ్నము, ఎండ బాగుగా నున్నపుడు, పిల్ల తానే ఆ పుట వద్ద ఆగినది. పడవమీద వ్రేలు పెట్టి, "ఈ నీళ్ళు ఇంట్లోకి వస్తాయా?" అని అడిగినది. "ఈ బొమ్మలో రావు" అంటిమి. "మాకు వచ్చినయ్. నాన్న చెప్పులు తేలినయ్. పిల్లి మెట్లమీద కూర్చుంది. అమ్మ ఏడ్చింది, నేను చూశాను." గోడ ప్రక్కకు పోయి తన మోకాలిని చూపి, "ఇక్కడిదాకా" అన్నది. అరగంటసేపు చెప్పినది. ఆ నెలన్నరలో మేము ఒక్కమాటయు రాబట్టలేని సంగతులను, ఒక కాగితపు పడవ బొమ్మ రాబట్టినది. బొమ్మలోని నీరు పెరుగదు. కావలసినంతసేపు చూడవచ్చును, చాలుననిపించినపుడు పుట త్రిప్పవచ్చును. అందుచేతనే అనుకొందుము.

మరియొక కష్టము పాఠశాల నుండి వచ్చినది. ఏ పాఠశాల అన్నది అప్రస్తుతము. 2025 జనవరిలో పిల్లలకు రంగులు వేయుటకు ఒక కాగితమిచ్చిరి. పైన 'వింటర్' అని ఉన్నది. క్రింద ఒక చెట్టు, మోడువారిన కొమ్మలు. మా పిల్ల ఆ కొమ్మలకు ఆకుపచ్చ ఆకులు వేసినది, చెట్టుక్రింద ఎర్రని కుప్పలు వేసినది. అవి కల్లములో ఎండబోసిన మిరపకాయలు. కాగితము ఎర్రసిరాతో కొట్టివేయబడి ఇంటికి వచ్చినది. ఉపాధ్యాయినిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాగితము మరియెక్కడనో అచ్చయినది, సరియైన రంగులు దానితోపాటే అచ్చయి వచ్చినవి, నలుబదిమంది పిల్లల కాగితములు దిద్దవలసిన మనిషి అచ్చును నమ్మినది. కాని ఆ తరువాత కొన్ని దినములు పిల్ల రంగు ముట్టలేదు. రంగుకడ్డీ మా చేతిలో పెట్టి, "నువ్వే వెయ్యి తాతయ్యా. నేనేస్తే తప్పొస్తుంది" అన్నది. ఈ మాటకు మాకు కలిగిన కష్టము వరద వార్తకు కలిగినదానికి తక్కువ కాదు.

తన కన్ను చూచినది తప్పనియు, కాగితము చెప్పినది ఒప్పనియు నాలుగున్నర ఏండ్లకే నిశ్చయమైనచో, ఆ పిల్ల ఇక దేనిని చూచును? అద్దానిని సరిదిద్దుటకు ఉపన్యాసము పనికిరాదు. చేయి పట్టుకొని వీధిలోనికి తీసికొనిపోతిమి. పుష్యమాసము. వేప పచ్చగా ఉన్నది, రావి పచ్చగా ఉన్నది, చింత కాయలతో వంగియున్నది. "ఏ చెట్టుకైనా ఆకుల్లేవా?" "లేకపోవడమేంటి, అన్నిటికీ ఉన్నయ్." "మరి ఎప్పుడు రాలుతాయో చూద్దామా?" వారమునకొకసారి అవే మూడు చెట్ల వద్దకు పోవుట ఏర్పాటు చేసికొంటిమి. పిల్ల జగ్గయ్యపేటలో నున్న వారములలో అక్కడి రావిచెట్టును చూచి ఫోనులో వార్త చెప్పునది.

ఆకు రాలుట మాఘ ఫాల్గుణములలో జరిగినది. మన శిశిరఋతువు అదియే గదా! ఇచ్చటనే ఒక భాషాసంబంధమైన పొరపాటును చెప్పవలెను. ఆంగ్ల పుస్తకములలో ఆకు రాలు కాలము సెప్టెంబరు, అక్టోబరు నెలలు. దానిని తెలుగు చేయువారు 'శరదృతువు' అని వ్రాయుదురు. నెలల లెక్కకు సరిపోవును. కాని మన శరత్తు ఆశ్వయుజ కార్తికములు. వాన వెలిసి చెట్లు పచ్చగా కళకళలాడు కాలము, మా గుట్టలమీద సీతాఫలములు కన్నులు విప్పు కాలము, వెన్నెల కాలము. ఎండుటాకులు రాలుచున్న బొమ్మ క్రింద 'శరదృతువు' అని చదివిన పిల్ల కిటికీలోనుండి చూచినచో ఏమి అనుకొనవలెను? అనువాదకులు ఈ విషయమును కొంచెము ఆలోచించిన మేలు. ఇక మా చెట్లలో మోదుగు అందరిని మించినది. ఆకులన్నియు రాల్చి, ఆ మోడు కొమ్మలనిండ నిప్పురంగు పూలు పూచినది. మోడుచెట్టు పుటలోను చేరదు, పూలచెట్టు పుటలోను చేరదు. పిల్ల రెండు పుటలు త్రిప్పి చూచి, "ఇది పుస్తకంలో లేదు" అన్నది. ఆ గొంతులో ఈసారి భయము లేదు, ఫిర్యాదు ఉన్నది.

మన ఋతువులను చూపు తెలుగు బొమ్మల పుస్తకములు లేకపోలేదు, చాలినన్ని లేవు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను నడపిరి. 1947 జులైలో 'చందమామ' వచ్చినది. దాని బొమ్మలతో రెండు తరములు పెరిగినవి, ఇప్పుడది వెలువడుట లేదు. సోవియట్ దేశమునుండి తెలుగున అచ్చయి వచ్చిన పిల్లల పుస్తకములను విజయవాడ విశాలాంధ్రవారు చవుకగా అమ్మిరి. మా కుమారుడు వానితోనే పెరిగెను. నందిగామలో పుట్టి, మంచుబండ్లను గూర్చి ఎడ్లబండ్లకంటె ఎక్కువ ఎరిగియుండెను! వానిలో కొన్నింటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థవారు మరల ప్రకటించిరి. వారివి, నేషనల్ బుక్ ట్రస్టువారివి, మద్రాసు తూలిక వారివి మన చెట్లు, మన ముఖములు గల పుస్తకములు జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో దొరకును. వెల చూచి వెనుదీయవలసినంత కాదు. ప్రథమ్ బుక్స్ వారి కథలు 2015 నుండి స్టోరీవీవర్ అను పేర ఫోనులో ఉచితముగా లభించుచున్నవి. ఫోనులో పుట త్రిప్పుట మాకు అంతగా రుచింపదు గాని, అసలు లేకపోవుటకంటె నయమే.

బొమ్మకును వానకును మా ఊరిలో బహుకాలపు చుట్టరికమున్నది. జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. అచ్చటి బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశీలించెను. ఆ స్తూపమునకు చెందిన రాతిపలక ఒకటి నేడు మద్రాసు మ్యూజియములో ఉన్నది. మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తి నిలుచున్నాడు. మేఘములనుండి చదరపు నాణెములు వానగా రాలుచున్నవి. చదువురానివారికి కథ చెప్పుటకే అది చెక్కిరి గదా! నేటికిని పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి విగ్రహములను రెండేండ్లకొకసారి రంగులు వేయుటకై జగ్గయ్యపేటకు తెచ్చుట ఆచారము. రంగుల మండపము వద్ద పిల్లలు గుమిగూడుదురు. ఆ మాంధాత బొమ్మను పిల్లకు చూపగా, "వాన కాదు, వడగళ్ళు" అన్నది. చదరముగా నున్నవి గదా.

చివరకు మేమే ఒక పుస్తకము కుట్టితిమి. పాత శుభలేఖల వెనుకవైపు తెల్లని అట్టలు పండ్రెండు తీసికొని, నెలకొకటి చొప్పున దారముతో కుట్టితిమి. బొమ్మ పిల్లది. వాక్యము కూడ పిల్లదే. అది ఎట్లు చెప్పిన అట్లు దాని నాయనమ్మ వ్రాసినది, వ్యాకరణము దిద్దలేదు. మొదట మా రంగుకడ్డీ మాకే తిరిగి ఇచ్చుచుండినది. మాఘపు పుటలో నిజమైన రాలిన రావి ఆకును అంటించితిమి. దానికి రంగు వేయవలసిన పని లేదు గనుక తప్పు రాదు. ఫాల్గుణమునకు మోదుగుపూవు అంటించి, దాని ప్రక్కన ఎర్రగీత ఒకటి తానే గీసినది. చైత్రమునకు వేపపూత. వైశాఖపు పుటలో తాటిముంజెలు, చెమట బిందువులతో ఒక తాత. అప్పటికి కడ్డీ మమ్ము అడుగుట మానినది. జ్యేష్ఠమున రోలు రెండుగా పగిలియున్నది. రోహిణిలో రోళ్ళు పగులునని వినినదానిని అక్షరాల వేసినది. ఆషాఢమున ఎనిమిది కాళ్ళ ఎర్రపురుగు. భాద్రపదపు పుట నిండ నీరు, పైన ఒక కిటికీ, కిటికీలో మూడు తలలు, మెట్లమీద పిల్లి. ఆశ్వయుజమున సీతాఫలము. పుష్యమున మేడమీద తెల్లని కుప్ప. క్రింద నాయనమ్మ దస్తూరిలో, 'ఇది మంచు కాదు. పత్తి.'

పండ్రెండు అట్టలు అయిన తరువాత పిల్ల పదమూడవది అడిగినది. ఎందుకనగా, మంచు కొరకట. కుట్టి ఇచ్చితిమి. ఆ పుట ఇంకను ఖాళీగా ఉన్నది. "వెయ్యవేమమ్మా?" అని అడిగిన, "మనూరికి వచ్చినప్పుడు చూసి వేస్తాను తాతయ్యా" అన్నది.